గోడకు ఇవతల

కవూర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి వీధిలోకి రాగానే సూట్‌కేసు చక్రాలు గోల మొదలుపెడతాయి. రోము పాత వీధుల్లో పరిచింది నల్లరాయి. అరచేయంత చదరపు ముక్కలు, మధ్యమధ్య సందులు, ఒకటి పైకి లేచి, ఇంకొకటి కుంగి. చప్పుడు వీధి మొదట్లో పుడితే చివరింటి దాకా వినపడుతుంది. ఎవరు దిగారో చూద్దామని మూడో అంతస్తు కిటికీలోంచి నెరిసిన తల ఒకటి బయటికొస్తుంది. మిమ్మల్ని చూస్తుంది, సామాను చూస్తుంది, మళ్ళీ లోపలికి పోతుంది.

స్టేషన్ ముందరి చిన్న ఖాళీ జాగా పేరు పియాట్సా దెల్లా సుబుర్రా. ఆ పేరున్న రాతి పలక దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రెండు వేల ఏళ్ళ కిందటి పేరది. క్విరినాల్, విమినాల్, ఎస్క్విలైన్ అనే మూడు గుట్టల మధ్య పల్లం ఇది. వాన నీళ్ళూ, బురదా, బతకడానికి వచ్చిన జనమూ అన్నీ జారి ఇక్కడికే చేరేవి. అద్దె ఇళ్ళు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా లేచేవి. కింద దుకాణాలు, వాటి పైన కాస్త కలిగినవాళ్ళు, ఇంకా పైకి పోయేకొద్దీ పేదవాళ్ళు. నిప్పంటుకుంటే పైవాళ్ళకి దిగే దారి ఉండేది కాదు. చెప్పులు కుట్టేవాళ్ళు, క్షురకులు, ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళు, దొంగసొత్తు మార్చేవాళ్ళు... కవి మార్షియల్ పద్యాల్లో ఈ పేట బురదా, రొదా కనిపిస్తాయి. జువెనల్ అయితే ఇక్కడ ఉండేకంటే ఏ దిక్కూలేని దీవిలోనైనా ఉండొచ్చన్నాడు. జూలియస్ సీజర్ ఉన్నది ఇక్కడే. క్రీస్తుపూర్వం 63లో ప్రధాన పూజారిగా ఎన్నికై ఫోరం అనే సభాస్థలి పక్కన సర్కారు ఇంటికి మారేదాకా సుబుర్రాలో ఓ మామూలు ఇంట్లో కాపురమున్నాడని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. మొన్న మొన్నటి ముఠా నాయకుల మీద ఇటలీలో ఒక నవలా, సినిమా వచ్చినప్పుడు వాటికీ ఈ పేరే పెట్టారు. పేరుకు పోయిన పరువు అంత తొందరగా తిరిగి రాదు.

ఇప్పుడు ఈ పేట పేరు మోంతి. వీధి మలుపుల్లో గోడకు బిగించిన చిన్న పాలరాతి పలకల మీద ఈ వాడ సంఖ్య చెక్కి ఉంటుంది. రోము నగరపు పాత వాడల్లో మొట్టమొదటిది. వెండి రంగు మీద మూడు పచ్చ గుట్టలు దీని ముద్ర.

మీ గది నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు, పెట్టే చోటూ లేదు. మెట్ల రాయి మధ్యలో పల్లంగా అరిగిపోయి ఉంటుంది. పాదం దానంతటదే ఆ పల్లంలో పడుతుంది, ఎంతమంది పాదాలు పడ్డ చోటో అది. గదికి చెక్క దూలాల కప్పు, ఒక మంచం, మూత పడని చెక్క కిటికీ. కిటికీ తెరిస్తే ఎదుటి ఇంటి వంటగది దాదాపు చేతికందుతుంది. అవతల ఎవరో ఉల్లిపాయలు తరుగుతున్నారు. తాడు మీద రెండు దుప్పట్లు, ఒక ఫుట్‌బాల్ చొక్కా. గోడలన్నీ ఎండలో కాలిన పసుపు, ఇటుక రంగుల మధ్య ఎక్కడో ఉన్నాయి. సాయంత్రం ఆరు దాటాక వెలుగు వాటి మీద పడితే వీధి మొత్తం కాసేపు వెచ్చగా మెరుస్తుంది. ఫొటో తియ్యాలనిపిస్తుంది. తియ్యండి, అందరూ అదే చేస్తారు. కానీ ఉల్లిపాయలు తరిగేవాళ్ళ మొహం పడకుండా చూసుకోండి.

కాళ్ళు కడుక్కుని కిందికి దిగండి. వీధులన్నీ వాలుగా ఉంటాయి. ఏ వాలు పట్టుకున్నా చివరికి ఒక కూడలికే తెస్తుంది. అదే పియాట్సా దెల్లా మదొన్నా దెయ్ మోంతి. మధ్యలో ఎనిమిది పలకల ఫౌంటెన్, జాకొమో దెల్లా పోర్తా గీసిన నమూనా, పదహారో శతాబ్దపు చివరి నాళ్ళది. దాని చుట్టూ మెట్లు. ఈ మెట్లే మోంతికి రచ్చబండ. కూర్చుందామని అనుకున్నవాళ్ళకి డబ్బు అడగని చోటు చుట్టుపక్కల ఇదొక్కటే, అందుకే ఇంత కిటకిట. యూనివర్సిటీ పిల్లలు బీరు సీసాలు పట్టుకుని, ముసలాయన ఒకాయన కుక్కను పట్టుకుని, ఓ తల్లి ఐస్‌క్రీం కారిపోతున్న పిల్లను పట్టుకుని కూర్చుంటారు. ఇద్దరు కుర్రాళ్ళు గోడకేసి బంతి తంతుంటారు. ఆ గోడ ఒక చర్చిది, ఉక్రెయిన్ క్రైస్తవులది. ఆదివారం పొద్దున వస్తే తలకు రుమాళ్ళు కట్టుకున్న ఆడవాళ్ళు వందల మంది చర్చి బయట దాకా నిలబడి ఉంటారు. వాళ్ళలో చాలామంది రోము ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే పనిలో ఉన్నవాళ్ళు. వారంలో ఆ ఒక్క పూట తమ భాషలో గట్టిగా మాట్లాడుకుంటారు. ఫౌంటెన్ మెట్ల మీద కూర్చుని ఆ మాటలు వింటే, అర్థం కాకపోయినా, సరుకుల ధరలెప్పుడు, ఊరి కబుర్లెప్పుడు, ఏడుపెప్పుడు అనేది తెలిసిపోతుంది.

దాహం వేస్తే సీసా కొనకండి. వీధి పక్కన నడుమెత్తు ఇనప స్తంభం, దానికి వంకర ముక్కు లాంటి గొట్టం, అందులోంచి రాత్రీ పగలూ ధారగా పడే నీళ్ళు. నగరమంతా ఇలాంటివి రెండు వేలకు పైనే ఉన్నాయి. మొదటివి 1870ల్లో పెట్టారు. గొట్టం చివర వేలితో మూయండి, పైనున్న చిన్న కంతలోంచి నీళ్ళు విల్లులా పైకి లేచి సరిగ్గా మీ నోటికి వస్తాయి. మొదటిసారి ముక్కులోకి పోతాయి. రెండోసారికి మీరూ ఊరివాళ్ళే. పక్కనే ఉన్న పిల్లవాడు మిమ్మల్ని చూసి నవ్వితే నవ్వనివ్వండి.

మూల మీది కిరాణా కొట్టు బంగ్లాదేశ్ వాళ్ళది. లోపలికి పోగానే మొహం చూసి హిందీలో పలకరిస్తాడు.

"ఇండియా? ఎక్కడ?"

"హైదరాబాద్, భాయ్."

"దూరం." ఒక్క క్షణం ఆలోచించి, "ఢాకా కంటే దూరం కాదులే," అంటాడు.

పచ్చిమిరపకాయలు అడుగుతారు. అడక్కుండా ఎలా ఉంటారు? బల్ల కింది నుంచి తీసి తూచి ఇస్తాడు. అవి పైన పెట్టడు, తెలిసినవాళ్ళే అడుగుతారని. ఇక్కడే ఉంటారా అని అడిగితే తల అడ్డంగా ఊపుతాడు. ఇల్లు తోర్‌పిన్యత్తారాలో, ఊరికి తూర్పున, బస్సులో చాలాసేపు. "దుకాణం ఇక్కడ, ఇల్లు అక్కడ. ఇక్కడ నిద్రపోవాలంటే డబ్బుండాలి భాయ్."

ఆ మాట రాత్రికి గుర్తుకొస్తుంది, మరో రకంగా. మోంతిలో నిద్ర అంత సులువు కాదు. ఒంటిగంట దాకా ఫౌంటెన్ దగ్గరి మాటలు కిటికీలోంచి వస్తాయి. రెండింటికి ఒక స్కూటర్. ఆ తర్వాత సముద్రపు గువ్వలు. రోముకు సముద్రం పాతిక కిలోమీటర్లుంటుంది, అయినా ఇవి చెత్త కోసం ఊళ్ళోకి కాపురం మార్చేశాయి. రాత్రిపూట దీపాల వెలుగులో కొలోసియం మీద తిరుగుతూ ఏడ్చినట్టు అరుస్తాయి. తెల్లవారుజామున సీసాల బండి వస్తుంది. బార్ల వెనక పోగైన గాజంతా ఒక్కసారి ఇనప తొట్లో పడుతుంది. ఆ చప్పుడుకు మేలుకోనివాడు రోములో పుట్టినవాడై ఉండాలి. జువెనల్ కాలంలో ఇదే గోల బండ్లది. అంతకు ముందే, పగటిపూట వీధులు కిక్కిరిసిపోతున్నాయని నగరంలో పగలు బండ్లు తిరగకూడదని చట్టం తెచ్చారు. దాంతో సరుకంతా రాత్రికి మారింది, ఇనప పట్టీల చక్రాలు తెల్లార్లూ ఇలాంటి నల్లరాతి మీదే దొర్లేవి. ఆ చట్టం సీజర్ పేరు మీదే ఉంది. ఈ పేటలో ముప్పై ఏడేళ్ళు వచ్చేదాకా బతికినవాడు చేసిన పనేనా ఇది అనిపిస్తుంది, మూడోసారి దిండు తలమీద పెట్టుకున్నప్పుడు.

పొద్దున ఏడింటికి కింద బారులో నిలబడి కాఫీ తాగాలి. కూర్చుంటే బిల్లు పెరుగుతుంది. ఇక్కడ బారంటే కాఫీ కొట్టు, పొద్దున్నే సారా తాగమంటున్నానని కంగారు పడకండి. బొటనవేలంత కప్పులో రెండు గుక్కల కాఫీ, పక్కన కొర్నెత్తో అనే తియ్యటి రొట్టె. ఎవరూ రెండు మూడు నిమిషాలకు మించి ఉండరు. కానీ ఆ కాసేపట్లోనే నిన్నటి మ్యాచి, మెట్రో పనులు, ఎవరి మోకాలి నొప్పి ఎంతవరకు వచ్చింది అన్నీ అయిపోతాయి. పాలు కలిపిన కప్పుచ్చినో పదకొండు దాటాక అడిగితే ఇస్తారు, ఇచ్చేటప్పుడు మొహంలో చిన్న జాలి కనిపిస్తుంది.

ఇప్పుడు వియా బాచ్చినా పట్టుకుని నేరుగా పడమరకు నడవండి. ఐవీ తీగలు వేలాడే ఇళ్ళు, ఒక చెప్పుల మరమ్మతు కొట్టు, రెండు మూడు సారాయి దుకాణాలు, పాతబట్టలు కొత్త ధరకు అమ్మే ఒక షాపు. వీధి సన్నంగా సాగి సాగి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎదురుగా గోడ.

మెడ వెనక్కి వాలిస్తే తప్ప పై అంచు కనపడదు. ముప్పై మూడు మీటర్ల ఎత్తు, అంటే ఇవాళ్టి లెక్కల్లో పది అంతస్తులు. బూడిద రంగు రాతి దిమ్మెలు, ఒక్కోటి గడపంత పొడుగు, సున్నం కలపకుండా పేర్చినవి. మధ్యలో అడ్డంగా తెల్లరాతి పట్టీలు. గోడ తిన్నగా కూడా పోదు. ఇక్కడ మెలిక, అక్కడ వంపు. ఇది అగస్టస్ చక్రవర్తి కట్టిన ఫోరానికి వెనక గోడ. ఫోరం క్రీస్తుపూర్వం 2లో ప్రారంభమైంది. ఆ రాయి పేరు పెపెరినో, అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడి అయిన రాయి, మంటకు తొందరగా లొంగదు. సుబుర్రాలో ఏ రోజు ఏ ఇల్లు తగలబడుతుందో తెలియదు కాబట్టి, ఆ నిప్పు అటు పోకుండా చక్రవర్తి కట్టించుకున్న అడ్డం ఇది. కంపూ, గోలా, ఆ జనం మొహాలూ కూడా అటు పోకూడదనే లెక్క అందులో ఉండే ఉంటుంది. గోడకు అటువైపు పాలరాయి, దేవుళ్ళు, న్యాయస్థానాలు. ఇటువైపు మీరు నిలబడ్డ చోటు.

చేత్తో తాకండి. పొద్దున చల్లగా ఉంటుంది.

మెలికల సంగతి మాత్రం వదిలేయకూడదు. సూటోనియస్ దానికి కారణం చెప్పాడు. అగస్టస్ తన ఫోరాన్ని ఇంకా వెడల్పుగా కట్టాలనుకున్నాడట, కానీ పక్క ఇళ్ళను యజమానుల నుంచి లాక్కోవడానికి సాహసించలేదట. గోడ వంకర పోయిన ప్రతిచోటా అప్పుడెవరో ఇల్లు అమ్మనన్నారన్నమాట. అంతర్యుద్ధాల్లో శత్రువులను వెతికి వెతికి చంపించినవాడు, ఈజిప్టును మింగినవాడు, సుబుర్రాలో ఒక ఇంటి గడప దగ్గర ఆగిపోయాడు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. గోడ వంపులో మాత్రం వాళ్ళ మొండితనం ఉంది.

గోడలో ఒకచోట పెద్ద కమాను ఉంది, ఆర్కో దెయ్ పంతాని. ఇప్పుడు ఇనప ఊచలు. వాటికి మొహం ఆనించి చూస్తే అటువైపు గొయ్యి, గొయ్యిలో ప్రతీకార దేవుడు మార్స్ గుడి మెట్లు, మూడు తెల్ల స్తంభాలు. మిగతా అంతా గడ్డి, పగిలిన రాతి ముక్కలు, ఒక పిల్లి. మంటకు భయపడి గోడ కట్టుకున్న వైపు ఇలా అయింది. తగలబడుతుందని భయపడ్డ వైపున మీ వెనకాల ఎవరో షట్టరు ఎత్తుతున్నారు, పైనుంచి ఒకావిడ ఇంకొకావిడను కేకేసి పిలుస్తోంది.

గోడ చుట్టి అటువైపుకు వెళ్ళండి. వియా దెయ్ ఫోరి ఇంపెరియాలి అనే విశాలమైన రోడ్డు మీద పడతారు. ఒక చివర పెద్ద తెల్లటి స్మారక భవనం, రెండో చివర కొలోసియం. రెండు పక్కలా పల్లంలో శిథిలాలు. ఆదివారం, పండగ రోజుల్లో కార్లు ఆపేసి నడిచేవాళ్ళకు వదిలేస్తారు, తక్కిన రోజుల్లో బస్సులు ఉరుకుతాయి. పర్యాటకులు ఈ రోడ్డు రోమన్లదే అనుకుంటారు. రోమన్లది కాదు, ముసోలినీది. 1932 అక్టోబర్ 28న, ఫాసిస్టులు రోము మీదికి దండెత్తిన పదో వార్షికోత్సవం నాడు, సైనిక కవాతుల కోసం తెరిచాడు. అంతకుముందు ఇక్కడంతా ఇళ్ళే. మధ్యయుగంలో కాలవలు పూడిపోయి ఈ ఫోరాలన్నీ బురద గుంటలుగా మారితే, పదహారో శతాబ్దంలో మట్టి పోసి మెరక చేసి కట్టిన పేట, అలెస్సాంద్రినో. వడ్రంగులు, బట్టలుతికేవాళ్ళు, చర్చిలు, పాల కొట్లు, మోంతికి కొనసాగింపే. చక్రవర్తుల రాళ్ళు కనపడాలని దాన్నంతా నేలమట్టం చేశారు. వీలియా అనే చిన్న గుట్ట అడ్డొస్తే దాన్నీ తవ్వి పారేశారు. అక్కడి వేలాది మందిని ఊరి బయట నీళ్ళూ రోడ్లూ సరిగా లేని కొత్త కాలనీలకు తరలించారు. తవ్వినదాంట్లో ఎక్కువ భాగం మళ్ళీ రోడ్డు కిందే పూడిపోయింది.

అగస్టస్ ఆగిన చోట ముసోలినీ ఆగలేదు. ఆ రోడ్డు మీద నిలబడి రెండు పక్కలా చూసినప్పుడల్లా నాకు తట్టేది ఇదే. ఈ శిథిలాలు వాటంతటవి పాడుబడి ఇలా మిగల్లేదు, ఎవరినో లేపేసి ఖాళీ చేయించినవి. రాజులు పోయాక జనం వాటిలోకి వచ్చి ఉన్నారు. తర్వాత పురాతత్వం వచ్చి వాళ్ళను పంపించేసింది.

కొలోసియం సంగతి ఇంకా తమాషా. క్రీస్తుశకం 80లో టైటస్ చక్రవర్తి తెరిచిన ఆ కట్టడం ఆటల కోసం ఉన్నది కొన్ని శతాబ్దాలే. తర్వాత దాని కమానుల కింద జనం ఇళ్ళు పెట్టుకున్నారు, పశువుల కొట్టాలు కట్టుకున్నారు, పన్నెండో శతాబ్దంలో ఫ్రాంజిపానే వంశం దాన్ని కోటగా మార్చుకుంది. 1349 భూకంపంలో దక్షిణం వైపు కూలితే ఆ రాళ్ళతో నగరంలో సగం భవనాలకు పునాదులు పడ్డాయి. రాళ్ళ సందుల్లో మొక్కలు మొలిచాయి. రిచర్డ్ డీకిన్ అనే ఇంగ్లీషు వైద్యుడు వాటిని లెక్కపెట్టి 1855లో ఏకంగా పుస్తకం వేశాడు. 420 జాతులు! రోము ఇటలీకి రాజధాని అయిన కొత్తలో శుభ్రం చేస్తున్నామని ఆ పచ్చదనాన్నంతా పెరికేశారు. పక్కనున్న రోమన్ ఫోరానికి చాలా కాలం పేరే ఆవుల మైదానం. పాత చిత్రాల్లో స్తంభాల మధ్య ఎద్దుల బండ్లు, నీడలో పడుకున్న గొల్లవాళ్ళు ఉంటారు. ఇప్పుడక్కడికి పోవాలంటే టికెట్టు కావాలి.

కొనండి మరి, వచ్చాక పోకుండా ఎలా? పొద్దున్నే లేదా నాలుగు దాటాక పోండి. జూలై మధ్యాహ్నం అక్కడ నీడ అనేది లేదు. తెల్లరాయి వేడి కింది నుంచి, ఎండ పై నుంచి. గైడు గొడుగుల వెనక మందలు. నేను మీకు చూపించాలనుకునేది అందరూ ఫొటోలు తీసే కమాను కాదు. మాక్సెంటియస్ బాసిలికా అనే మూడు మహా కమానులున్నాయి చూడండి, వాటి కింద అంతకు ముందు కాలపు గిడ్డంగులుండేవి. డొమీషియన్ చక్రవర్తి కట్టించిన మిరియాల గిడ్డంగులు. మిరియాలు ఎక్కడివంటే మన కేరళ తీరానివి. ఎర్ర సముద్రం మీదుగా ఓడల్లో ఈజిప్టుకు, అక్కడి నుంచి నైలు మీద, మళ్ళీ సముద్రం, చివరికి టైబర్ ఒడ్డు. కారం తప్ప ఏమీ లేని ఈ గింజను బంగారంలా తూచి కొంటున్నారేమిటని రోమన్ రచయిత పెద్ద ప్లినీ విసుక్కున్నాడు, ఏటా అయిదు కోట్ల సెస్టెర్సులు ఇండియాకు పోతున్నాయని ఏడ్చాడు. ఆ డబ్బులో కొంత మన తెలుగు నేలకీ వచ్చింది. మిరియాలకు కాదు, బట్టకు. గ్రీకు నావికుడొకడు రాసిన పెరిప్లస్ గ్రంథంలో మసాలియా అని ఉన్నది కృష్ణా ముఖద్వారపు తీరం. అక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా నేస్తారని రాశాడు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి మించిన రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి, అగస్టస్ బొమ్మ, అతని వారసుడు టైబీరియస్ బొమ్మ ఉన్నవి. మొదటిది, ఇందాక మీరు తాకిన గోడ కట్టించినవాడి మొహమే. ఆ నాణెం నల్లగొండ మట్టిలో పడే నాటికి ఇక్కడ ఎవరో మన నేతబట్ట కట్టుకుని, ఆ గోడకు అటువైపు, చల్లగా తిరిగి ఉంటారు.

ఆకలి మొదలైతే మోంతికి తిరిగి రండి. పొద్దు వాలగానే వీధుల్లోకి బల్లలు వస్తాయి. మెనూ కార్డు మీద బొమ్మలుంటే ఆ హోటలుకు పోకండి, చేతిరాత ఉంటే పోండి. కాచో ఎ పేపే అడగండి. పాస్తా, గొర్రెపాల ఉప్పటి జున్ను, మిరియాలు, అంతే. పాస్తా ఉడికిన నీళ్ళు కాసిని పోసి, పొయ్యి మీద నుంచి దించాక కలిపితే ఆ జున్ను గడ్డకట్టకుండా గుజ్జులా సాగాలి. వేడెక్కువైతే ఉండలు కడుతుంది. నేర్పంతా అందులోనే. మొదటి ముద్దకు గొంతులో మిరియం సన్నగా గీరుతుంది. ప్లినీకి నచ్చని ఆ కారమే ఇవాళ ఈ ఊరి బీదవాళ్ళ వంటగా పేరు పడింది. ధర మాత్రం బీదది కాదు. కిరాణా భాయ్ దగ్గర కొన్న పచ్చిమిర్చి జేబులో ఉందన్న సంగతి ఎవరికీ చెప్పకండి.

తిన్నది అరగాలంటే వియా పనిస్పెర్నా ఎక్కండి. గుట్ట ఎక్కి దిగే తాడులా సాగే వీధి. దాని మీద ఒక భవనంలో 1934 అక్టోబర్‌లో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ, అతని కుర్రాళ్ళు, న్యూట్రాన్లను నెమ్మదింపజేస్తే పరమాణువులో వాటి పని అనేక రెట్లు పెరుగుతుందని కనిపెట్టారు. అనుమానం తీర్చుకోవడానికి పెరట్లోని చేపల కొలనులో కూడా ప్రయోగం చేశారు. ఆ పని మీద ఫెర్మీకి 1938లో నోబెల్ వచ్చింది. ముసోలినీ జాతి చట్టాలు వచ్చిన ఏడాదే అది, భార్య యూదురాలు. బహుమతి అందుకోవడానికి స్టాక్‌హోమ్ వెళ్ళినవాడు తిరిగి ఈ వీధికి రాలేదు, అటు నుంచి అటే అమెరికాకు పోయాడు. ఇళ్ళ కూల్చివేతతో మొదలైనది అక్కడితో ఆగలేదు.

మర్నాటికి ఇంకా చాలా ఉన్నాయి. శాన్ పియెత్రో ఇన్ వింకోలి చర్చిలో మైకెలాంజెలో చెక్కిన మోజెస్. శాంతా ప్రస్సేదేలో తొమ్మిదో శతాబ్దపు మొజాయిక్, డబ్బాలో నాణెం వేస్తే దీపం వెలిగి గోడంతా బంగారమై, కాసేపటికి టక్కున ఆరిపోతుంది. ఎవరో ఒకరు ఎప్పుడూ నాణెం వేస్తారు, కాస్త ఓపిక పట్టండి. అవన్నీ మీరు చూస్తారు, పుస్తకాలున్నాయి. తోర్రె దెయ్ కోంతి అనే పదమూడో శతాబ్దపు గోపురం మాత్రం దూరం నుంచి చూడండి. 2025 నవంబర్ 3న మరమ్మతులు జరుగుతుండగానే దానిలో కొంత భాగం కూలింది. గంటల తరబడి శిథిలాల కింద ఉండిపోయిన ఒక రొమేనియా కార్మికుడు ప్రాణాలు కోల్పోయాడు. గతాన్ని నిలబెట్టే పని చేసేవాళ్ళు కూడా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే.

వెనక్కి వచ్చేటప్పుడు ఇళ్ళ ద్వారాల పక్కన, కిటికీ ఊచలకు, సైకిలు స్టాండుకు కూడా వేలాడుతున్న చిన్న చిన్న నల్ల డబ్బాలు చూడండి. అంకెల తాళం పెట్టిన డబ్బాలు, లోపల తాళంచెవులు. మీరు దిగిన ఇంటిదీ అలాంటి దాంట్లోనే ఉండింది. యజమానిని చూడకుండానే ఇల్లు చేతికి వస్తుంది. కొన్ని ద్వారాలకు ఐదారు డబ్బాలుంటాయి, అంటే ఆ మెట్లెక్కేవాళ్ళలో ఆ ఊరివాళ్ళు దాదాపు లేరని. 2024లో, కాథలిక్కుల జూబ్లీ సంవత్సరం ముందర, కొందరు రాత్రిపూట తిరిగి ఈ డబ్బాలను పాడుచేసి, వాటి మీద రాబిన్‌హుడ్ టోపీ, అద్దెల మీద కోపం రాసిన కాగితాలు పెట్టి పోయారు. వడ్రంగి పని ఆగిన కొట్లో ఇప్పుడు సువాసన కొవ్వొత్తులమ్ముతున్నారు. చక్రవర్తి గోడ కట్టి, నియంత గొడ్డలి పెట్టి చెయ్యలేకపోయింది రాత్రికింత అని లెక్కకట్టిన అద్దె చేస్తోంది. ఆ అద్దె మనదే, నాదీ మీదీ. రావద్దనేవాణ్ణి కాను నేను. వచ్చినప్పుడు మాత్రం కనీసం వారం ఉండండి, ఊరిలో ఎవరో ఒకరు నిజంగా అద్దెకిచ్చిన గది చూసుకోండి, ఆ చెప్పుల కొట్లో ఏదైనా కుట్టించుకోండి.

ఇంటి ద్వారం దగ్గరికి రాగానే పైనుంచి కేక. నిన్న మిమ్మల్ని చూసి లోపలికి పోయిన తలే. చేత్తో కిందికి చూపిస్తోంది. గోడ వారన ఎవరో చెత్త సంచి వదిలేసి పోయారు, పీజా డబ్బా, అరటి తొక్కలు, సీసాలు అన్నీ కలిపి. ఇవాళ కాగితాల రోజు. తడి చెత్త రేపు.

"మీదేనా?" ఇటాలియన్లో అడుగుతుంది. చేతులు చూస్తే భాష అక్కర్లేదు.

కాదంటారు. మొదటి అంతస్తు వైపు చూపిస్తారు, అక్కడ నిన్న రాత్రి కొత్తగా ఎవరో దిగారు.

ఆవిడ నమ్మదు. చెప్పులేసుకుని కిందికి దిగి వస్తుంది, అరిగిన మెట్ల పల్లాల్లో ఒక్కో అడుగు వెతుక్కుంటూ. సంచి విప్పుతుంది. సీసాలు ఒక పక్క, తొక్కలు ఒక పక్క. పీజా డబ్బా తీసి మీ చేతిలో పెడుతుంది, వీధి చివరి తొట్టి చూపిస్తుంది. మీరు నడుస్తుంటే వెనక నుంచి ఇంకా తిడుతూనే ఉంటుంది. మొదటి అంతస్తునో, మునిసిపాలిటీనో, మిమ్మల్నో తెలియదు. తొట్టి నిండిపోయి ఉంది, డబ్బా మడిచి గట్టిగా నొక్కాలి.